పాత కారు – కొత్త ప్రాణం

మన పట్టణాల పొలిమేర దాటి ఏ పెద్ద రోడ్డు వెంట వెళ్ళినా ఒక తుక్కు యార్డు కనబడక మానదు. సర్కారు కంప నడుమ, అద్దాలు పగిలి, టైర్లు భూమిలోకి దిగబడి, ఒకనాడు పెళ్ళికొడుకులను ఊరేగించిన అంబాసిడర్లూ, ఫియట్లూ అక్కడ పడి ఉంటాయి. వాటిని చూచి “కిలో ఎంతకిస్తావు?” అని అడిగేవారే ఎక్కువ. “దీన్ని బ్రతికించవచ్చునా?” అని అడిగేవారు బహు తక్కువ. ఆ రెండవ ప్రశ్నకు రసాయనశాస్త్రం చదివే విద్యార్థిగా నేను తెలుసుకొన్నంతలో, మెకానిక్ షెడ్డులో కళ్ళారా చూచినంతలో సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రశ్న ఇప్పుడే అడగవలసిన అవసరం కూడా ఉన్నది. 1950ల చివరి నుండి ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ ఉత్పత్తి 2014 మే నెలలో ఆగిపోయింది. ఇక కొత్తది రాదు. ఉన్నవాటిలో ఒకటి కొలిమికి పోయిందంటే లెక్కలో ఒకటి తగ్గినట్లే.

తుప్పు అంటే ఏమిటి?

తుప్పు అంటే ఆర్ద్ర ఫెర్రిక్ ఆక్సైడు అని ఇంటర్మీడియట్‌లోనే చదువుకొన్నాము. కాని అది ఎక్కడ మొదలవుతుందో తెలిస్తేనే కారుకు ఉపయోగం. ఇనుప రేకు మీద ఒక నీటిచుక్క పడిందనుకొనండి. చుక్క అంచున గాలి తగులుతుంది గనుక ఆక్సిజన్ ఎక్కువ, మధ్యలో తక్కువ. ఈ తేడా వల్ల ఆ చుక్కే ఒక చిన్న విద్యుత్ ఘటంగా మారుతుంది. ఆక్సిజన్ తక్కువగా ఉన్న మధ్యభాగం ఆనోడుగా పనిచేసి అక్కడి ఇనుము కరిగిపోతుంది. అంటే గాలి తగలని చోటే లోహం ఎక్కువగా తినిపోతుందన్నమాట. కారులో డోర్ల అడుగున, మడ్‌గార్డు లోపలి మడతలలో, ఫ్లోరు మ్యాటు కింద బురద పట్టి తడి నిలిచే చోట్లన్నీ ఇటువంటివే. పైకి రంగు నిగనిగలాడుతున్నా లోపల రేకు అప్పడమై ఉండవచ్చు.

పైగా తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే రెండు రెట్లకు మించిన స్థలం ఆక్రమిస్తుంది. రంగు పొక్కులు లేవడం, నట్లు బిగుసుకుపోవడం ఇందువల్లనే. ఉప్పు తోడైతే నీటి విద్యుద్వాహకత పెరిగి పని ఇంకా త్వరగా సాగుతుంది. అందుచేత బందరు, కాకినాడల ఉప్పుగాలిలో నిలిచిన కారు కంటే, వర్షం తక్కువైన అనంతపురం పల్లెలో నిలిచిన కారుకు ఆయుష్షు ఎక్కువ. కాడి, నాగలి వదిలేశాక కర్రుకు ఆముదం పూసి చూరుకు కట్టే రైతుకు ఈ సిద్ధాంతం ఎవరూ చెప్పనక్కరలేదు.

దేనిని ఎన్నుకోవాలి?

యార్డులోని ప్రతి కారునూ రక్షించాలనడం నా వాదం కాదు. అది సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. మూడు చచ్చిన కార్ల భాగాలతో ఒకటి బ్రతకడం ఈ పనిలో సామాన్యం. మిగిలిన ఉక్కు కరిగి మరో రూపం పొందడమూ మంచిదే. ఏది బ్రతికేది, ఏది దాత కావలసినది అని తేల్చడంలోనే తెలివి ఉన్నది.

గత వేసవి సెలవులలో మా మండల కేంద్రంలో ఒక ముసలి మేస్త్రి యార్డు నుండి తెచ్చిన అంబాసిడర్ పనిలో నేనూ చేయి వేశాను. ఆయన నాకు నేర్పిన మొదటి మాట: “అబ్బాయ్, రంగు చూడమాక. కింద పడుకొని చూడు.” స్క్రూడ్రైవరు పిడితో రేకును తట్టుకుంటూ పోతాడాయన. గట్టి రేకు ఖంగుమంటుంది, పుచ్చిన రేకు బొత్తుమంటుంది. గుడ్డలో చుట్టిన అయస్కాంతం అతుక్కోని చోట రేకు లేదు, లప్పం ఉన్నదని అర్థం.

ఇందులో ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. జీపుకూ, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డుకూ అడుగున వేరే ఛాసీ ఉంటుంది. బాడీ పుచ్చినా ఛాసీ గట్టిగా ఉంటే ఆశ ఉన్నట్లే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నుండి పుట్టిన అంబాసిడర్ అట్లా కాదు. దానికి బాడీయే ఎముకల గూడు. తలుపుల కింది పెట్టె వంటి భాగం, అనగా సిల్, పుచ్చిపోతే రేకు పోవడం కాదు, వెన్నెముక విరగడం. అక్కడ లప్పం మెత్తి రంగు కొట్టడం ఎక్కే మనుషుల ప్రాణాలతో ఆడుకోవడమే.

రేకుతోబాటు కాగితాలూ చూడాలి. ఛాసీ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి.తో సరిపోవాలి. యజమాని వద్ద నుండి వ్రాతపూర్వకంగా కొనాలి. రికార్డుల నుండి కొట్టివేసిన బండి అయితే ఎంత శ్రమపడి నడిపించినా రోడ్డెక్కే హక్కు ఉండదు. ఈ సంగతి ముందుగా రవాణా కార్యాలయంలో విచారించుకోవడం మేలు.

బయటకు తీయడం

బాగు చేయడం కంటే బయటకు తీయడంలోనే కార్లు ఎక్కువగా దెబ్బతింటాయి. బిగుసుకుపోయిన చక్రాలతో, బంపరుకు గొలుసు కట్టి ట్రాక్టరుతో లాగితే పుచ్చిన భాగం ఊడి చేతికి వస్తుంది. ముందు కంప కొట్టి, కర్రతో తట్టి పాములూ కందిరీగలూ లేవని చూచుకోవాలి. జాకీతో ఎత్తి చెక్కలు పెట్టి, బ్రేకు డ్రమ్ములు వదులు చేసి, వేరే చక్రాలు తొడిగి దొర్లించాలి. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి. పాత పెట్రోలు ట్యాంకును ఖాళీగా ఉన్నదని వెల్డింగుకు ఇవ్వరాదు. ద్రవం లేకున్నా ఆవిరి ఉంటుంది, అది పేలుతుంది.

తీసేముందే అన్ని వైపులా ఫోటోలు తీసుకోవాలి. విప్పిన ప్రతి బోల్టుకూ చీటీ కట్టాలి. విప్పడం ఒక వారం, బిగించడం ఒక సంవత్సరం. అన్నాళ్ళు జ్ఞాపకశక్తిని నమ్ముకోలేము.

ఇంజను విషయంలో తొందర పనికిరాదు. అంబాసిడర్‌లో చాలాకాలం వాడిన 1489 సి.సి. ఇంజనుకు బ్లాకు పోత ఇనుముది. ఏళ్ళ తరబడి కదలకపోతే పిస్టన్ రింగులు సిలిండరు గోడకు తుప్పుతో అంటుకుంటాయి. వెంటనే బ్యాటరీ కట్టి సెల్ఫ్ కొడితే రింగులు విరుగుతాయి. ప్లగ్గులు తీసి, డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, కొన్ని రోజులు నాననివ్వాలి. తర్వాత క్రాంకు పుల్లీ నట్టుకు పానా వేసి, చేతితో ముందుకూ వెనుకకూ అంగుళం అంగుళంగా కదిలించాలి. మా మేస్త్రి పదకొండు రోజులు ప్రతి ఉదయం ఒక్కసారి కదిలించి చూచి, కదలకపోతే మాట్లాడకుండా టీకి వెళ్ళేవాడు. పన్నెండవ రోజున అది కదిలింది.

తుప్పు వదిలించే మూడు దారులు

మొదటిది విద్యుద్విశ్లేషణం. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు పోసి కొంచెం చాకలి సోడా కలపాలి. తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ ఛార్జరు ఋణధ్రువానికి, ఒక పనికిరాని ఇనుప ముక్కను ధనధ్రువానికి కలపాలి. ఋణధ్రువం వద్ద జరిగే క్షయకరణం వల్ల తుప్పు వదులై రాలుతుంది, మంచి ఇనుము చెక్కు చెదరదు. హైడ్రోజన్ వెలువడుతుంది గనుక ఈ పని ఆరుబయట చేయాలి, బీడీ కాల్చేవారిని దూరంగా పంపాలి. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టరాదు, విషపూరితమైన క్రోమియం లవణాలు ఏర్పడతాయి. అల్యూమినియం భాగాలు క్షారంలో కరుగుతాయి కాబట్టి వాటిని ఇందులో వేయరాదు.

రెండవది చక్కెర ఫ్యాక్టరీ మడ్డి. ఒక పాలు మడ్డికి తొమ్మిది పాళ్ళు నీళ్ళు కలిపి భాగాలను పది పదిహేను రోజులు నానబెడితే, అందులోని పదార్థాలు ఇనుప అయాన్లను పట్టుకొని తుప్పును కరిగిస్తాయి. వాసన భరించడం కష్టం గాని ఖర్చు స్వల్పం.

మూడవది తుప్పును తీయకుండా మార్చివేయడం. కరక్కాయలోని టానిన్ ఫెర్రిక్ అయాన్లతో కలిస్తే నీటిలో కరగని నల్లని సమ్మేళనం ఏర్పడుతుంది. ఊడే తుప్పును బ్రష్‌తో గీకిన తర్వాత టానిన్ ద్రావణం పూస్తే, మిగిలిన తుప్పు ఈ నల్లని పొరగా స్థిరపడి రంగుకు ఆధారమవుతుంది. నేడు బజారులో దొరికే కొన్ని తుప్పు నివారణ ద్రావణాల సూత్రం ఇదే. మన కలంకారీ పనివారు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమునూ బెల్లమునూ ఊరబెట్టిన నీటితో నల్లగీతలు గీస్తున్నది కూడా ఈ రసాయన చర్యతోనే! పెడనలో గుడ్డ మీద నిలిచే నలుపూ, షెడ్డులో డోరు మీద నిలిచే నలుపూ అన్నదమ్ములే.

ఎంతవరకు బాగుచేయాలి?

ఇటలీ, స్విట్జర్లాండుల నడుమ ఉన్న మజోరే సరస్సులో దశాబ్దాలు మునిగి ఉన్న ఒక బుగాటి కారును 2009లో పైకి తీశారు. ఒక పక్క పూర్తిగా తినిపోయిన ఆ శిథిలం 2010లో పారిస్ వేలంలో రెండు లక్షల అరవై వేల యూరోలకు పైగా పలికింది. కొన్న అమెరికా సేకర్త దానిని కొత్తదిగా చేయలేదు, ఉన్నదున్నట్లుగానే ప్రదర్శించాడు. కొత్తగా చేస్తే అది మరో కారవుతుంది, సరస్సు చెప్పిన కథ పోతుంది.

మనం ఆ మేరకు పోనక్కరలేదు. కాని గీకినది తిరిగి రాదన్న సంగతి మరువరాదు. మిగిలిన అసలు రంగు, ఫ్యాక్టరీ పలక, డీలరు బిళ్ళ – ఇవన్నీ సాక్ష్యాలు. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం చేసిన నియమాలు కూడా ఇదే కోరుతున్నవి. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారని వాహనానికి ‘వి.ఎ.’ అక్షరాలు గల ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, గడువు 10 సంవత్సరాలు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ నడపవచ్చును గాని రోజువారీ ప్రయాణానికి కాదు. ఛాసీనో, ఇంజనునో మార్చి ఆడంబరం చేసినవారికి ఈ గౌరవం దక్కదు.

చివరగా ఒక్క మాట. యార్డులో ఉన్న ఇనుము ఇంకో పదేళ్ళు ఆగగలదేమో గాని, దానిని తట్టి, విని, లోపల ఏముందో చెప్పగల మేస్త్రులు అన్నాళ్ళు ఆగరు. వారి విద్య ఏ పుస్తకంలోనూ లేదు, వారి పిల్లలు వేరే పనులకు పోయినారు. ఎందుకు అట్లా చేస్తారో వారు చెప్పలేకపోవచ్చు. ఆ ‘ఎందుకు’ మన ప్రయోగశాలలో ఉన్నది. ‘ఎట్లా’ అన్నది వారి చేతుల్లో ఉన్నది. విద్యార్థి మిత్రులు సెలవులలో ఒక నోటుపుస్తకం పట్టుకొని దగ్గరలోని షెడ్డుకు వెళ్ళి, ఆ ‘ఎట్లా’ను అడిగి వ్రాసుకొంటే, ఒక కారు బ్రతకకపోయినా ఒక విద్య బ్రతుకుతుంది.