పదిహేనేళ్ల పాఠకుడికి ఏ నవల?

12 నుంచి 18 ఏళ్ల వాళ్లను దృష్టిలో పెట్టుకొని రాసే నవలలను ఇంగ్లిషు ప్రచురణకర్తలు ‘యంగ్ అడల్ట్’ నవలలంటారు. బడి, స్నేహం, తొలి ప్రేమ, ఇంట్లో పెద్దవాళ్లతో పేచీలు, తానెవరన్న వెదుకులాట వీటిలో కనిపించే వస్తువులు. కథ చాలావరకు ఆ వయసువాళ్ల కళ్లతోనే నడుస్తుంది. అమెరికాలో ఎస్.ఇ. హింటన్ రాసిన ‘ది అవుట్‌సైడర్స్’ను ఈ కోవలో తొలి నవలల్లో ఒకటిగా చెబుతారు. 1967లో అది అచ్చయ్యేనాటికి రచయిత్రి వయసు 18.

తెలుగులో ‘టీనేజీ నవల’, ‘కౌమార సాహిత్యం’ అనే మాటలున్నాయి గానీ పుస్తకాల షాపులో ఆ పేరుతో విడిగా ఒక అర కనిపించడం అరుదు. ఒక పక్క బొమ్మల కథలు, మరో పక్క పెద్దల నవలలు. మొదటివి చదివే వయసు దాటి, రెండోవాటి దగ్గర తటపటాయించే తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఏది చదవాలో అర చెప్పదు, ఎవరో ఒకరు చెప్పాలి. అందుకే తెలుగునాట ఈ వయసు పాఠకులకు నవల ఎక్కువగా ఒకరి మాట మీదే అందుతూ వచ్చింది.

నోటిమాట నడిచిన దారులు

ఉదాహరణకు అనంతపురం జిల్లాలోని గుంతకల్లు రైల్వే జంక్షన్. చెన్నై–ముంబై దారి, బెంగళూరు, బళ్ళారి, గుంటూరు వైపు వెళ్లే దారులు ఇక్కడ కలుస్తాయి. ఇలాంటి ఊళ్లకు పత్రికలు, నవలలు బస్సుకన్నా ముందు రైల్లో వచ్చేవి. వానలు మొహం చాటేసే ఆ జిల్లాలో పుస్తకం కొనడం చాలా ఇళ్లలో ఖర్చు కిందే లెక్క. కాబట్టి ఒక ప్రతి పదిళ్లు తిరిగేది. పుస్తకంతో పాటు దాని మీద అభిప్రాయం కూడా తిరిగేది.

ఆ తిరుగుడుకు మొదటి దారి ‘చందమామ’. 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో ప్రారంభించిన ఈ మాసపత్రికలో 1954లో ‘తోకచుక్క’ సీరియల్ మొదలైంది. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం, బొమ్మలు వేసింది చిత్రా. ఆ తర్వాత ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ వంటివి వచ్చాయి. పత్రికలో రచయిత పేరు ఉండేది కాదు. అయినా తర్వాతి నెల ఏమవుతుందోనని బడిలో, వీధి అరుగు మీద జరిగిన చర్చే ఆ సీరియళ్లకు ప్రచారమైంది. పాఠకులు మరిచిపోకపోవడంతో చందమామ వాటిలో కొన్నిటిని తర్వాతి తరాలకోసం మళ్లీ ప్రచురించింది.

రెండో దారి అద్దె పుస్తకాల షాపు. 1970, 80 దశకాల్లో తెలుగు పట్టణాల్లో ఇవి లేని వీధి తక్కువ. కొంత డిపాజిట్ కట్టి, రోజుకింత అద్దె ఇచ్చి నవల ఇంటికి తీసుకుపోయేవారు. యద్దనపూడి సులోచనారాణి ప్రేమకథలు, మధుబాబు ‘షాడో’ సాహసాలు, యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వంటివి హైస్కూలు పిల్లల కోసం రాసినవి కావు. అయినా పాఠ్యపుస్తకం మధ్యలో పెట్టి వాటిని చదివినవాళ్లలో హైస్కూలు పిల్లలకు కొదవలేదు. షాపతను అట్ట మీద ఖాకీ కాగితం వేసి, వెన్ను దారంతో కుట్టి ఇచ్చేవాడు. చివరి పేజీలో ఖాళీ ఉంటే అక్కడ పాఠకులు పెన్సిలుతో ‘సూపర్’, ‘బోర్’, ‘సగం నుంచి బాగుంది’ అని రాసేవారు. ఒకరు ‘బోర్’ అని రాస్తే దాని కింద మరొకరు ‘నీకు అర్థం కాలేదు’ అని జవాబిచ్చేవారు. నవల మీద నలుగురి అభిప్రాయం ఒక్కచోట చేరింది ఆ అరంగుళం ఖాళీలోనే.

మూడోది గ్రంథాలయం. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టంతో జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల లెక్కన వసూలయ్యే సెస్సు వాటికి ఆదాయం. శాఖా గ్రంథాలయంలో పుస్తకం వెనక అతికించే తేదీల చీటీ మాటల్లేని సిఫారసు. తేదీ ముద్రలు కిక్కిరిసి ఉన్న నవల చాలా చేతులు మారిందని, ముద్ర లేనిది అరలోనే నిద్రపోతోందని చూడగానే తెలుస్తుంది.

నాలుగోది పత్రికల శీర్షిక. ‘స్వాతి’ మాసపత్రికలో మాలతీ చందూర్ ‘పాత కెరటాలు’ పేరుతో ఏళ్ల తరబడి ఇంగ్లిషు నవలలను తెలుగులో పరిచయం చేశారు. ఇంగ్లిషు పుస్తకం దొరకని, దొరికినా చదవలేని చిన్న ఊళ్ల పాఠకులకు ప్రపంచ నవల అలా పరిచయమైంది.

మంచి సిఫారసులో ఏముండాలి

‘బాగుంది, చదువు’ అనే మాట సిఫారసు కాదు, మెప్పు మాత్రమే. ఎవరికి బాగుంటుంది, ఎందుకు బాగుంటుంది అని చెప్పినప్పుడే అది సిఫారసు అవుతుంది. అందుకు చూడాల్సినవి ముఖ్యంగా నాలుగు.

మొదటిది కథలోకి దిగే చోటు. ఈ వయసు పాఠకుడు పది పేజీల్లో పట్టు దొరక్కపోతే పుస్తకం మూసేస్తాడు. ఆర్.ఎల్. స్టీవెన్సన్ ‘ట్రెజర్ ఐలండ్’కు నండూరి రామమోహనరావు చేసిన తెలుగు అనువాదం ‘కాంచన ద్వీపం’. సత్రంలోకి ఒక ముసలి నావికుడు దిగడంతోనే అది ఊపందుకుంటుంది. అందుకే నవలలు అలవాటు లేనివాళ్లకు మొదట దాన్ని చెప్పవచ్చు.

రెండోది భాష. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘సినబ్బ కతలు’, ‘పచ్చనాకు సాక్షిగా’ చిత్తూరు జిల్లా పల్లె మాటల్లో ఉంటాయి. పాఠ్యపుస్తకాల తెలుగుకే అలవాటుపడ్డ పిల్లలు మొదటి పేజీలో తడబడతారు. రెండు మూడు పేజీలు గొంతెత్తి చదివితే ఆ భాష చెవికి పట్టుబడుతుందని ముందే చెప్పడం మేలు. కన్నడం, ఉర్దూ, తెలుగు కలిసి వినిపించే గుంతకల్లులో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలు తమ ఇంటి కబుర్లలా అనిపించవచ్చు. ఆ సంపుటికి 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది.

మూడోది వయసుకు తగిన బరువు. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ 18వ శతాబ్దపు రాయలసీమ నవల. హండే రాజుల కాలపు అనంతపురం ప్రాంతాన్ని కళ్లకు కడుతుంది. 2019 సాహిత్య అకాడమీ పురస్కారం దానిదే. సొంత నేల చరిత్ర కాబట్టి చదవమనాలనిపిస్తుంది. కానీ అందులోని కులహింస, క్రౌర్యం ఎనిమిదో తరగతి పిల్లలకు భారం. ఇంటర్ దాటేవాళ్లకు, అదీ ఆ మాట ముందే చెప్పి ఇవ్వాల్సిన పుస్తకమది. హింస ఉందని పుస్తకాన్ని దాచేయనక్కర్లేదు, ఎప్పుడు ఇవ్వాలో తేల్చుకుంటే చాలు.

నాలుగోది గుట్టు. కథలో మలుపు చెప్పేస్తే చదివే ఉత్సాహం సగం పోతుంది. మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’నూ నండూరి తెలుగు చేశారు. దాన్ని చెప్పేవారు ఇంతవరకు చెప్పి ఆగవచ్చు: ‘పదమూడు పద్నాలుగేళ్ల హక్, బానిసత్వం నుంచి పారిపోయిన జిమ్ ఒక తెప్ప మీద మిసిసిపీ నదిలో సాగిపోతుంటారు. జిమ్‌ను పట్టివ్వడమే ధర్మమని ఊరంతా హక్‌కు నేర్పింది. స్నేహం మరోటి చెబుతుంది. అతడు ఏది వింటాడన్నదే నవల.’ ముగింపు చెప్పకుండానే పాఠకుడు తేల్చుకోవాల్సిన ప్రశ్న అతడి చేతికి అందుతుంది.

నచ్చకపోవడమూ అభిప్రాయమే

పెద్దల సిఫారసుల్లో తరచూ కనిపించే లోపం నీతి. ‘ఇది చదివితే బాగుపడతావు’ అనగానే పుస్తకం ఇంకో పాఠమైపోతుంది. తోటి విద్యార్థి చెప్పే మాటకు పిల్లల్లో ఎక్కువ విలువ ఉండటానికి ఇదే కారణం. నచ్చలేదని చెప్పే స్వేచ్ఛ కూడా అక్కడే దొరుకుతుంది. నచ్చనప్పుడు ఏది నచ్చలేదో చెప్పడం నేర్పాలి. కథ నెమ్మదిగా నడిచిందా, పాత్ర నమ్మశక్యంగా లేదా, అనువాదం కృతకంగా ఉందా? వీటికి జవాబు వెతికే పిల్లవాడు ఆ పుస్తకాన్ని రెండోసారి చదివినట్టే. ఒకరికి విసుగనిపించిన వర్ణనే మరొకరికి నచ్చే కారణం కావచ్చు కాబట్టి, కారణం చెప్పిన తిట్టు కూడా పనికొచ్చే సిఫారసే.

దగ్గర్లో ఉన్న వనరులు

అనంతపురం జిల్లాకు పిల్లల పత్రిక అనుభవం కొత్త కాదు. 2008లో చెన్నేకొత్తపల్లి నుంచి ‘కొత్తపల్లి’ అనే పిల్లల మాసపత్రిక మొదలైంది. అప్పట్లో అనంతపురం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. పిల్లలు రాసిన కథలకు, వేసిన బొమ్మలకు ఆ పత్రికలో చోటు దక్కింది. చదివేవాళ్లే రాసేవాళ్లయితే అభిప్రాయం ఎంత సూటిగా ఉంటుందో అది చూపింది.

హైదరాబాదులోని ‘మంచి పుస్తకం’ పిల్లలకు, కౌమారంలో ఉన్నవాళ్లకు తక్కువ ధరలో అనువాదాలు, నవలలు వేస్తోంది. సాహిత్య అకాడమీ 2010లో బాలసాహిత్య పురస్కారాలు ప్రారంభించినప్పుడు తెలుగులో మొదటి పురస్కారం కలువకొలను సదానంద నవల ‘అడవితల్లి’కి దక్కింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో బడుల్లో ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమం చేపట్టింది. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పోటీలు, ఉపన్యాసాలతో పాటు ఒక్కో విద్యార్థి తాను చదివిన నవల గురించి మూడు నిమిషాలు మాట్లాడే వేదిక పెడితే ఖర్చు ఏమీ ఉండదు.

అలాంటి వేదికకు గుంతకల్లులో మొదటి పుస్తకంగా ‘రైలుబడి’ సరిగ్గా సరిపోతుంది. తెత్సుకో కురోయనాగి 1981లో జపానులో ప్రచురించిన ‘తొత్తోచాన్’కు ఇది తెలుగు అనువాదం. నిజానికి నవల కాదు, రచయిత్రి బాల్య జ్ఞాపకాలు. మరో బడి పంపించేసిన అల్లరి పిల్ల తోక్యోలో పాత రైలు పెట్టెల్లో నడిచే తొమోయె బడిలో చేరుతుంది. మొదటిరోజు హెడ్మాస్టరు కొబయాషి ఆమెను కూర్చోబెట్టి, చెప్పాలనుకున్నదంతా చెప్పమని గంటల తరబడి వింటాడు. రోజూ రైలు కూతల మధ్య బడికి వెళ్లే పిల్లలకు పెట్టెలో తరగతి ఎలా ఉంటుందో వివరించనక్కర్లేదు. ఆ బడి ఉండాలా వద్దా, ఉంటే అందులో చేరతారా అని అడిగితే చాలు, చర్చ వాళ్లే నడుపుతారు. పెద్దలు కొబయాషిలా వింటే సరిపోతుంది.