చేతిరుమాలు చాటిన స్నేహం

ఎడ్డీ కాంటర్ పేరు ఈ తరానికి తెలియదు. ఆయన పుట్టి పెరిగిన అమెరికాలోనే ఇప్పుడు ఆ పేరు తలచుకునేవారు అరుదు. 1930 దశకంలో మాత్రం పరిస్థితి వేరు. ఆయన గొంతు కోసం కుటుంబాలకు కుటుంబాలే రేడియో ముందు కూర్చునేవి. పెద్ద పెద్ద కళ్లు గుండ్రంగా తిప్పుతూ పాడే ఆ హాస్యనటుడు లక్షలాది మందిని నవ్వించారు. కానీ ఆయనను గుర్తు చేసుకోవలసింది నవ్వుల కోసం మాత్రమే కాదు.

1892లో న్యూయార్క్‌లోని ఒక పేదవాడలో ఆయన జన్మించారు. తల్లిదండ్రులు రష్యా నుంచి వలస వచ్చిన యూదులు. పసితనంలోనే వారిద్దరినీ కోల్పోతే అమ్మమ్మ ఎస్తేర్ రెక్కలు ముక్కలు చేసుకుని పెంచింది. ఆ పేదరికాన్ని ఆయన మరువలేదు. 1938లో పోలియో బాధితుల కోసం ఒక్కొక్కరూ పది సెంట్ల నాణెం పంపమని పిలుపునిచ్చినప్పుడు అమెరికా అధ్యక్ష భవనానికి లక్షల నాణేలు వచ్చి పడ్డాయి.

వెనుక దారిన వెళ్లిన మిత్రుడు

1917లో 'జీగ్‌ఫెల్డ్ ఫాలీస్' ప్రదర్శనలో కాంటర్‌కు బెర్ట్ విలియమ్స్‌తో స్నేహం కుదిరింది. విలియమ్స్ మహానటుడు, కానీ నల్లజాతివాడు. వేదికపై చప్పట్లు కొట్టిన సమాజమే హోటల్లో ఆయనను ముందు ద్వారం నుంచి రానిచ్చేది కాదు. ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో మోగుతుండగానే వెనుక దారి పట్టవలసి రావడమే తన బాధ అని విలియమ్స్ చెప్పుకున్న సంగతిని కాంటర్ జీవితాంతం గుర్తుంచుకున్నారు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. ఆనాటి రంగస్థల అలవాటు ప్రకారం కాంటర్ కూడా ముఖానికి నల్లరంగు పూసుకుని నటించినవారే. నల్లజాతిని కించపరిచే వేషమది. అలాంటి వాతావరణంలో ఎదిగిన మనిషి తరువాత ఎటు నిలబడ్డారన్నదే మనం చూడవలసింది.

నిలబడితే ఎంత నష్టమో ఆయనకు తెలియనిది కాదు. 1939లో, యూదులపై రేడియోలో విషం చిమ్ముతున్న కాఫ్లిన్ అనే మతగురువును ఆయన బహిరంగంగా ఖండించారు. ఫలితంగా ప్రకటనదారులు తప్పుకున్నారు. దాదాపు ఏడాదిపాటు ఆయన రేడియోకు దూరమయ్యారు.

1952 ఫిబ్రవరి

అప్పటికి కాంటర్‌కు 60 ఏళ్లు. 'కోల్గేట్ కామెడీ అవర్' అనే టీవీ కార్యక్రమానికి శామీ డేవిస్ జూనియర్‌ను ఆహ్వానించారు. 26 ఏళ్ల ఆ నల్లజాతి యువకుడు తండ్రితోనూ, విల్ మాస్టిన్‌తోనూ కలిసి ఆడిపాడేవాడు. లాస్‌వేగాస్ హోటళ్లలో ప్రేక్షకులను ఉర్రూతలూగించినా, ఆ హోటళ్లలో బస చేసే హక్కు వారికి లేదు.

ఆ రాత్రి నృత్యం ముగిసేసరికి శామీ చెమటతో తడిసిపోయాడు. కాంటర్ వేదికపైకి వచ్చి అతన్ని ఆలింగనం చేసుకున్నారు. తన చేతిరుమాలు తీసి అతని నుదుటి చెమట తుడిచారు. దేశమంతా ఆ దృశ్యం చూసింది.

అంతే! నల్లవాడి ముఖం తాకుతావా అంటూ ద్వేషపూరిత ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి. ఇలాంటిది మళ్లీ జరిగితే కార్యక్రమానికే ముప్పు అన్న హెచ్చరికలూ వచ్చాయని చెబుతారు. కాంటర్ క్షమాపణ చెప్పలేదు, వాదనకు దిగలేదు. శామీ బృందాన్ని మళ్లీ తన కార్యక్రమానికి పిలిచారు. అదే ఆయన సమాధానం.

కాంటర్ 1964లో కన్నుమూశారు. శామీ ప్రపంచ ప్రఖ్యాతి పొంది 1990 వరకు జీవించాడు. తన ఆత్మకథలో ఆ పెద్దాయనను ఆప్యాయంగా తలచుకున్నాడు.

పేరు వినగానే 'ఇల్లు ఖాళీ లేదు' అనే మాట మనలో ఎందరికో అనుభవమే. అలాంటప్పుడు పక్కనున్న స్నేహితుడు తల దించుకుంటే గాయం రెట్టింపవుతుంది. 'వీడు నా వాడు' అని నలుగురిలో భుజంపై చెయ్యి వేస్తే సగం మానుతుంది. రేపు అలాంటి అవమానం వేరొకరికి జరగవచ్చు. కులం పేరుతో కావచ్చు, రంగు పేరుతో కావచ్చు. అప్పుడు చేతిరుమాలు తీయవలసిన వంతు మనదే. చాటుగా సానుభూతి చూపడం తేలిక. నలుగురూ చూస్తుండగా, నష్టమని తెలిసీ పక్కన నిలబడటమే స్నేహం.