ప్రళయం చవగ్గా వస్తుందా?

ఆకాశంలో ఓ నల్లమబ్బు. కింద ప్రయోగశాలలో ఓ శాస్త్రజ్ఞుడు. గడ్డం గీసుకుని వారమైంది, భార్యతో విడాకులై రెండేళ్ళయింది. కంప్యూటర్ మీద ఎర్రగీత ఒకటి జివ్వున పైకి లేవగానే "మై గాడ్!" అంటాడు. వెళ్ళి పై అధికారికి చెబుతాడు. ఆయన నమ్మడు. నమ్మితే బొమ్మ మూడో రీల్లోనే అయిపోతుంది కదండీ! ఇంతలో ఆ మాజీ భార్యా, మాట వినని కూతురూ సరిగ్గా తుపాను ఏ ఊరి మీద పడబోతోందో ఆ ఊరికే షికారు బయల్దేరతారు...

ఈ కథ ఎక్కడో చూసినట్టుందా? ఉండకేం చేస్తుంది! ఆదివారం మధ్యాహ్నం టీవీలోనూ, అర్ధరాత్రి యూట్యూబులోనూ మనవాళ్ళ గొంతులు తగిలించుకుని వచ్చే చిల్లర హాలీవుడ్ ప్రళయాల్లో సగానికి సగం ఇదే కథ. ఒకసారి భూకంపం, ఒకసారి అగ్నిపర్వతం, ఇంకోసారి సుడిగాలి. శాస్త్రజ్ఞుడి గడ్డం మాత్రం మారదు.

మొన్న అలాంటి తుపాను చిత్రం ఒకటి విశాఖపట్నం మిత్రుడితో కలిసి చూశాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడు అతను అక్కడే, ఓ మేడ మీద గదిలో ఉన్నాడు. సినిమా నడిచినంతసేపూ పగలబడి నవ్వాడు. అంతా అయ్యాక నవ్వు ఆపి ఒక్క ప్రశ్న వేశాడు.

"ఒరే, తుపాను మధ్యలో గాలి ఆగిపోతుందిరా. అది చూపించలేదేం?"

నిజమే. తుపానుకి కన్ను ఉంటుంది. అది నెత్తి మీదికొస్తే అంతవరకూ ఊడ్చి పారేసిన గాలి ఠక్కున ఆగుతుంది. "అయిపోయిందనుకుని కిందికి దిగాం. పక్కింటాయన స్కూటరు మీద పడ్డ కొమ్మ లాగుతున్నాడు. ఎవరో టీ పెడతామంటున్నారు. మళ్ళీ మొదలైందిరా బాబూ... ఈసారి అటు నుంచి!" అన్నాడు మావాడు.

నేను మనసులో లెక్క వేశాను. ఒక వీధి, ఒక స్కూటరు, ఒక కొమ్మ, రెండు నిమిషాల నిశ్శబ్దం. ఇది తీయడానికి ఎంతవుతుంది? మేము చూసిన ఆ బొమ్మలో ఎగిరిన హెలికాప్టర్ ఒక్కదానికైన ఖర్చు కూడా కాదు. పోనీ ఆ హెలికాప్టరైనా నిజంగా ఎగిరినట్టుందా అంటే, అదీ లేదు!

చవక ప్రళయ చిత్రాలు బాగుండకపోతే అందరూ డబ్బు మీద నెడతారు. "పాపం, వాళ్ళ దగ్గర అంతే ఉంది" అంటారు. డబ్బు లేకపోతే పోయేది అల మాత్రమే. అల ముందు నిలబడ్డ మనిషి ఎందుకు పోవాలి? నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇదీ.

అరువు అలలు

ఈ విద్య ఇవాళ్టిది కాదు. 1933లో అమెరికాలో 'డెల్యూజ్' అని ఓ చిత్రం వచ్చింది. న్యూయార్క్ నగరం బొమ్మ సెట్లు కట్టి, భవనాలు కూల్చి, సముద్రాన్ని మీదికి వదిలారు. ఆ కాలానికి అబ్బురం! తర్వాత ఆ విధ్వంసం దృశ్యాలని రిపబ్లిక్ సంస్థ కొనుక్కుంది. రిపబ్లిక్ అంటే చవకగా, చకచకా సీరియల్ చిత్రాలు తీసే సంస్థ. ఆ అలనే 1939లో ఒకసారి, 1941లో ఒకసారి, 1949లో ఇంకోసారి వేరే వేరే చిత్రాల్లో న్యూయార్క్ మీదికి వదిలారు. మునిగిన ఊరే మళ్ళీ మళ్ళీ మునిగిందన్నమాట. విచిత్రమేమిటంటే అసలు 'డెల్యూజ్' చాలా ఏళ్ళు కనిపించకుండా పోయింది. 1981లో ఇటాలియన్ మాటలతో ఉన్న ప్రింటు ఒకటి రోమ్‌లో దొరికింది. అంతవరకూ అసలు చిత్రం లేదు, అరువిచ్చిన అల మాత్రం బతికే ఉంది!

వీటిలో 1939 చిత్రం 'ఎస్.ఓ.ఎస్. టైడల్ వేవ్' ని నేను వెనకేసుకొస్తాను. అందులో ఎన్నికల రోజున జనం ఓట్లు వేయకుండా ఇళ్ళు వదిలి పారిపోవాలని దుర్మార్గులు ఓ పన్నాగం పన్నుతారు. ఉప్పెన ముంచేస్తోందంటూ టెలివిజన్‌లో ఓ సినిమా చూపిస్తారు. అంటే అరువు తెచ్చిన దృశ్యాన్ని కథలో కూడా సినిమాగానే వాడేశారు! దొంగ అల అని మనం పట్టుకునే లోపే వాళ్ళే 'అవును, దొంగ అలే' అని ఒప్పేసుకున్నారు. టెలివిజన్ ఇంకా ఇళ్ళల్లోకి రాని రోజుల్లో ఈ ఊహ! చేతిలో డబ్బు లేకపోయినా బుర్ర ఉంటే ఇలా ఉంటుంది.

2024లో కన్నుమూసిన రోజర్ కోర్మన్ ఈ చవక సినిమాకి పెద్దదిక్కు. ఆయన 1978లో 'అవలాంచ్' తీయించారు. రాక్ హడ్సన్, మియా ఫారో తారలు. మంచుకొండ విరిగి విడిది హోటలు మీద పడటం కథ. విరిగిపడేది మంచులా కాదు, థర్మోకోల్ ముక్కల్లా కనిపిస్తుంది. అయినా మరుసటి ఏడాది వచ్చిన 'మీటియోర్' వాళ్ళు ఆ మంచునే తెచ్చి తమ చిత్రంలో వాడుకున్నారు. షాన్ కానరీ నటించిన చిత్రమండీ అది! అరువు మంచుకి కూడా గిరాకీ.

కోర్మన్ గారి మీద నాకు గౌరవం ఉంది. ఎందరో కొత్తవాళ్ళకి తలుపు తీసిన మనిషి. కానీ 'టైడల్ వేవ్' విషయంలో మాత్రం ఆయన్ని క్షమించలేను. జపాన్‌లో తోహో సంస్థ 1973 చివర 'నిప్పన్ చిన్‌బొత్సు' అనే చిత్రం విడుదల చేసింది. జపాన్ దేశమంతా సముద్రంలో కుంగిపోవడం కథ. ఆ దేశంలో జనం విరగబడి చూశారు. దాని హక్కులు కోర్మన్ సంస్థ కొని, రెండు గంటల పైచిలుకు చిత్రాన్ని గంటన్నరలోపుకి కత్తిరించి, అమెరికన్ నటుడు లోర్న్ గ్రీన్‌తో నాలుగు సీన్లు తీసి అతికించి, 1975లో వదిలింది.

కత్తిరించినవి ఏమిటో తెలుసా? ఎక్కువభాగం మనుషుల్నే! అసలు చిత్రంలో ఒక ఘట్టం ఉంది. దేశం మునగబోతోందని తేలింది, జనాన్ని ఎక్కడికి పంపాలి? పెద్దలు కూర్చుని ఆలోచించి ప్రధానికి సలహాలు పంపుతారు. వాటిలో ఒక సలహా ఏమిటంటే, 'ఏమీ చేయకుండా ఉండటమే మేలు' అని. దేశంతోపాటే పోవడం! అది విన్న ప్రధాని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ఒక గది, ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక కాగితం. ఆ చిత్రం మొత్తంలో నాకు గుర్తుండిపోయింది ఇదే. కూలిన టోక్యో బొమ్మ సెట్లు కాదు. చవక వ్యాపారి ఎప్పుడూ ఇదే పొరపాటు చేస్తాడు. ఖరీదైనదాన్ని దాచుకుని, ఖర్చు లేనిదాన్ని పారేస్తాడు.

నీళ్ళు అబద్ధం ఆడవు

ఇక్కడ ట్రిక్ ఫొటోగ్రఫీ గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. బొమ్మ భవనం కట్టొచ్చు, బొమ్మ కారు చేయొచ్చు. బొమ్మ నీటిబొట్టు చేయలేం! ఇరవయ్యో వంతు సైజులో ఊరు కట్టి నీళ్ళు వదిలితే, బొట్టు మాత్రం బొట్టంతే ఉంటుంది. ఊళ్ళో ఇల్లంత బొట్లు పడుతున్నట్టు ఉంటుంది. అందుకే బొమ్మ సెట్లు పెద్దవిగా కట్టి, సెకనుకి 24 ఫ్రేములకి బదులు 72, 96... అలా కెమెరా వేగంగా తిప్పేవారు. తెర మీద మామూలు వేగంతో వేస్తే నీరు నెమ్మదిగా, బరువుగా కదిలినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు కంప్యూటర్ వచ్చింది కదా, ఆ తంటా లేదనుకుంటారు. ఉంది! అలంటే నీరొక్కటే కాదు. నురగ, తుంపర, పొగలాంటి ఆవిరి, కొట్టుకొచ్చే చెత్త. వీటన్నిటినీ లెక్కగట్టడానికి కంప్యూటర్లకి రోజులు పడుతుంది, మనుషులకి నెలలు పడుతుంది. చవక నిర్మాత వారాలు ఇస్తాడు. ఫలితం, బీచి మీదికి నీలం జెల్లీ దొర్లుకొస్తుంది! ఆ గ్రాఫిక్స్ కుర్రాళ్ళని తిట్టి లాభం లేదు. కానీ వెనక ఆకాశం కాటుకలా ఉంటే హీరో మొహం మీద పన్నెండింటి ఎండ కాయడం? అల ఇటు నుంచి వస్తుంటే హీరోయిన్ అటు చూసి కెవ్వుమనడం? అవి కంప్యూటర్ తప్పులు కాదు సుమండీ.

కాలిఫోర్నియాలో 'ది అసైలమ్' అనే సంస్థ ఉంది. 1997లో పుట్టింది. 2005లో స్పీల్‌బర్గ్ 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' వస్తున్నప్పుడే వీళ్ళూ అదే నవల మీద చవగ్గా ఓ వీడియో చిత్రం తీశారు. బ్లాక్‌బస్టర్ వీడియో షాపులవాళ్ళు ఏకంగా లక్ష కాపీలు ఆర్డరిచ్చారు! దాంతో దారి దొరికింది. పెద్దవాళ్ళ చిత్రం ఏది వస్తుంటే ఆ పేరుకి దగ్గరగా ఒకటి. 2015లో 'శాన్ ఆండ్రియాస్' వస్తే వీళ్ళది 'శాన్ ఆండ్రియాస్ క్వేక్'. పోస్టరు ముందు, కథ తర్వాత.

ఈ సంస్థదే 2013లో వచ్చిన 'షార్క్‌నాడో'. సుడిగాలి సముద్రంలోంచి షార్కుల్ని ఎత్తుకొచ్చి లాస్ ఏంజెలిస్ మీద కురిపిస్తుంది! ఒక షాట్లో వాన, పక్క షాట్లో ఎండ. మొదటి రాత్రి టీవీలో చూసినవాళ్ళు దాదాపు 14 లక్షలే. కానీ ట్విట్టర్లో గోలే గోల. మళ్ళీ వేస్తే ఇంకా ఎక్కువమంది చూశారు. 2018 నాటికి మొత్తం ఆరు భాగాలు వచ్చాయి. దీన్ని తిట్టమంటారా? తిట్టను. హీరో రంపంతో షార్కు నోట్లోకి దూకి పొట్ట చీల్చుకుని బయటికొచ్చే బొమ్మ మనల్ని మోసం చేయడం లేదు. నాకు ఒళ్ళుమండేది మొహం గంభీరంగా పెట్టుకుని, వేలమంది చచ్చారని ఓ టీవీ యాంకర్‌తో ఒక్క ముక్క చెప్పించి, తర్వాత సీన్లో హీరో హీరోయిన్ల చేత నవ్వించే బొమ్మలు.

పది నిమిషాలు

ఇప్పుడు నార్వే వెళదాం. గైరాంగర్ అనే చిన్న ఊరు, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఒడ్డున ఉంటుంది. దగ్గర్లో ఓక్నెస్ అనే కొండకి పగులుంది. ఏటా కొన్ని సెంటీమీటర్లు విచ్చుకుంటోంది. ప్రభుత్వం రాత్రింబవళ్ళు కాపలా కాస్తోంది. ఇది కథ కాదు, నిజం. ఆ ప్రాంతంలోనే టాఫ్యోర్డ్ దగ్గర 1934లో కొండ విరిగి నీళ్ళలో పడితే లేచిన అలకి 40 మంది పోయారు.

దీని మీద రోర్ ఉథౌగ్ 2015లో 'ద వేవ్' తీశాడు. ఖర్చు సుమారు 60 లక్షల డాలర్లు. అదే ఏడాది 'శాన్ ఆండ్రియాస్' కి అయినదాంట్లో పదిహేనో వంతు కూడా కాదు! ఇందులోనూ శాస్త్రజ్ఞుడున్నాడు, గడ్డం ఉంది, నమ్మని అధికారీ ఉన్నాడు. కానీ ఆ అధికారి మూర్ఖుడు కాడు. తప్పుడు సైరన్ మోగిస్తే పర్యాటకుల ఊరు ఏమవుతుందో అని తటపటాయించే మనిషి. మనమైనా అలాగే చేస్తామేమో!

అల సినిమా సగం దగ్గర వస్తుంది, ఒక్కసారే వస్తుంది. సైరన్ మోగాక ఊరికి పది నిమిషాల గడువు. కొండ మీదికి ఒకటే ఇరుకు రోడ్డు, కార్లన్నీ ఇరుక్కుపోతాయి. దిగి పరిగెత్తండని హీరో అరుస్తాడు. ఎంత ఎత్తు ఎక్కామన్నదొక్కటే లెక్క. రోడ్డు, కార్లు, పరుగు, సైరన్... ఇంతే! అల కనిపించేసరికే మన గొంతు ఆరిపోయి ఉంటుంది. రెండో సగమంతా నీళ్ళు నిండుతున్న ఒక నేలమాళిగ గదిలో నడుస్తుంది. అక్కడ కొడుకు కోసం ఓ తల్లి చేసే పని ఒకటుంది. చెప్పను, చూడండి. హీరోయిన్ అంటే ఏమిటో తెలుస్తుంది. చివర్లో కాస్త హాలీవుడ్ వాసన తగిలిందని నా ఫిర్యాదు. అయినా యాభై లక్షల చిల్లర జనాభా ఉన్న దేశంలో ఎనిమిది లక్షల టిక్కెట్లు తెగాయి.

అంత దూరం ఎందుకు, 2018 ఆగస్టు వరదల మీద మలయాళంలో జూడ్ ఆంథనీ జోసెఫ్ తీసిన '2018' ఉంది. 2023 మేలో అక్కడా, అదే నెలాఖరున తెలుగులోనూ విడుదలైంది. మన భారీ చిత్రాల పక్కన పెడితే చిన్న ఖర్చే. ట్యాంకు కట్టి నీళ్ళు నింపి, నటుల్ని నిజంగా తడిపి తీశారు. చేపలు పట్టే కుటుంబంలో పుట్టి మోడల్ కావాలని కలలుకనే కుర్రాడు, చూపులేని దుకాణదారు, సైన్యం నుంచి పారిపోయి వచ్చానని తలదించుకునే హీరో. ముందు వీళ్ళ పరిచయం, తర్వాతే వాన. సంగీతం హోరు కాస్త తగ్గించి ఉండాల్సింది. కానీ మత్స్యకారులు పడవలు తీసుకుని కదిలే ఘట్టంలో నేను చూసిన హాల్లో ఈలలు కాదు, ముక్కులు ఎగపీల్చిన చప్పుడు వినిపించింది.

మరి మనకి? 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన. వేలమంది పోయారు. రామారావు గారూ, నాగేశ్వరరావు గారూ జోలె పట్టి వీధుల్లో తిరిగారు. రాత్రంతా చెట్టుని కరుచుకుని బతికి బయటపడ్డ వాళ్ళున్నారు ఆ ఊళ్ళలో. ఒక చెట్టు, ఒక రాత్రి, కింద నీళ్ళు, పైన ఇద్దరు మనుషులు. కొత్త దర్శకుడెవరైనా ఆ చెట్టు దగ్గర కెమెరా పెడితే గ్రాఫిక్స్ ఎన్ని షాట్లకి కావాలి? చీకట్లో చప్పుడే చాలు.

మా విశాఖ మిత్రుడికి 'ద వేవ్' కూడా చూపించాను. ఈసారి ఒక్కసారీ నవ్వలేదు. సైరన్ దగ్గర మాత్రం, "సౌండు కొంచెం తగ్గించరా" అన్నాడు.

మీరు చూస్తే దాన్ని రాత్రిపూట, పూర్తి సౌండుతో చూడండి. 'షార్క్‌నాడో' కి మాత్రం ఒంటరిగా కూర్చోకండి. నలుగురు స్నేహితులుండాలి, పొట్లం నిండా వేరుశనక్కాయలుండాలి.