చెమట తగ్గింది, చక్కెర పెరిగింది – మరి మన గుండె మాటేమిటి?



"మా తాత మూడు పూటలా కడుపునిండా తిన్నాడు. నెయ్యి తిన్నాడు, బెల్లం తిన్నాడు, ఎనభై ఏళ్లు బతికాడు. ఆయనకు రాని గుండెజబ్బు నాకెందుకు వస్తుంది డాక్టరు గారూ?"

బరువు తగ్గించుకోమని చెప్పినప్పుడు ఆసుపత్రిలో తరచూ వినిపించే ప్రశ్న ఇది. మంచి ప్రశ్నే. దీనికి జవాబు తెలిస్తే గుండెను ఎలా కాపాడుకోవాలో సగం తెలిసినట్టే.

తాత ఏం తిన్నాడో మనకు గుర్తుంది. ఏం చేశాడో మరిచిపోయాం. ఆయన ఎడ్ల వెనుక నడిచి దున్నాడు. చెరకు నరికి, మోపులు కట్టి, బండికెత్తాడు. నీళ్లు కట్టడానికి చీకట్లోనే లేచి పొలానికి నడిచాడు. తిన్నదంతా చెమటగా ఖర్చయింది. ఈరోజు దున్నడానికి ట్రాక్టరు, వరి కోయడానికి యంత్రం, పొలానికి వెళ్లడానికి మోటారు సైకిలు ఉన్నాయి. కష్టం తగ్గడం మంచిదే, కాదనం. అయితే పని తగ్గినా కంచం తగ్గలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

మన ప్రాంతంలో వచ్చిన మార్పు

మంజీరా నదిపై 1923 నుండి 1931 వరకు నిజాంసాగర్ కట్టారు. కాలువ నీళ్లు వచ్చాక బోధన్ చుట్టూ వరి, చెరకు విస్తరించాయి. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. శక్కర్‌నగర్ అనే పేరులోనే చక్కెర ఉంది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడింది. కానీ తీపి మన వంటింట్లో, హోటల్లో, దావత్‌లో అలాగే నిలిచిపోయింది. పని చేసే శరీరానికి తగిన తిండిని, కూర్చుని ఉండే శరీరానికి ఇప్పుడు పెడుతున్నాం.

గుండెకు ఏం జరుగుతుంది?

మన గుండె పిడికిలంత ఉంటుంది. నిమిషానికి 72 సార్ల చొప్పున లెక్కవేస్తే రోజుకు లక్ష సార్లకు పైగా కొట్టుకుంటుంది. ఒళ్లంతటికీ రక్తం పంపే ఈ గుండెకు కూడా రక్తం కావాలి. దాన్ని కరోనరీ ధమనులు అనే సన్నని రక్తనాళాలు తెచ్చి ఇస్తాయి.

కాలువలో ఏళ్ల తరబడి పూడిక చేరినట్టు ఈ నాళాల గోడల్లో కొవ్వు చేరుతుంది. పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్ట్రాల్ ఆ గోడలను దెబ్బతీసి పూడికను పెంచుతాయి. ఒకరోజు ఆ కొవ్వు పొర చిట్లి, దానిపై రక్తం గడ్డకట్టి, దారి మూసుకుపోతుంది. నీరందని మడి ఎండినట్టు రక్తమందని గుండె కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. ఇదే గుండెపోటు. పోటు నిమిషాల్లో వచ్చినా, పూడిక మాత్రం ఏళ్ల తరబడి చేరినది. కాబట్టి దాన్ని ఆపడానికి మనకు ఏళ్ల సమయం ఉంటుంది. ఇది ధైర్యం చెప్పే మాటే.

52 దేశాల్లో జరిపిన ఇంటర్‌హార్ట్ అనే అధ్యయనం 2004లో వెలువడింది. తొలి గుండెపోటుకు దారితీసే ముప్పులో నూటికి 90 వంతులు తొమ్మిది కారణాలతోనే ముడిపడి ఉన్నాయని అందులో తేలింది. పొగాకు, కొలెస్ట్రాల్, రక్తపోటు, మధుమేహం, పొట్ట, మానసిక ఒత్తిడి, మద్యం, పండ్లు కూరగాయలు తినకపోవడం, వ్యాయామం లేకపోవడం. వీటిలో చాలావరకు మన చేతిలో ఉన్నవే. అదే అధ్యయనంలో ఇంకో విషయం బయటపడింది. మన దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తే, మిగతా దేశాల వారికి 59 ఏళ్లకు వచ్చింది. 53 ఏళ్లంటే కూతురి పెళ్లి, కొడుకు చదువు, బ్యాంకు అప్పు అన్నీ మీద ఉండే వయసు.

డ్రైవరు, కండక్టరు

నిజామాబాద్ నుండి బోధన్ వెళ్లే బస్సులో ఒకసారి గమనించండి. డ్రైవరు కూర్చునే ఉంటాడు. కండక్టరు ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంటాడు. లండన్ నగరంలో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల్లో పనిచేసే వారిపై పరిశోధన చేసి 1953లో ఫలితాలు ప్రకటించారు. కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా, రోజుకు వందల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చింది. సంస్థ ఒకటే, బస్సు ఒకటే. ఒకరిది కూర్చునే పని, ఇంకొకరిది తిరిగే పని.

మన జిల్లాలో వేలాది మంది అక్కచెల్లెళ్లు బీడీలు చుడతారు. ఒళ్లో చాట పెట్టుకుని ఉదయం నుండి సాయంత్రం దాకా కూర్చునే ఉంటారు. వేళ్లు ఆగవు, కాళ్లు కదలవు. "పొద్దంతా పనే చేస్తున్నాను, నాకు వ్యాయామం దేనికి?" అనుకోకండి. అలసట వేరు, వ్యాయామం వేరు. ఒక కట్ట పూర్తికాగానే లేచి ఇంటి చుట్టూ నాలుగు అడుగులు వేయండి. దుకాణంలో, ఆఫీసులో, కుట్టు మిషను ముందు కూర్చునేవారు కూడా అరగంటకొకసారి లేవాలి. బీడీ చుట్టే వారు తంబాకు దుమ్ము పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, గాలి వచ్చే చోట కూర్చోవడం, తినేముందు చేతులు బాగా కడుక్కోవడం కూడా మరువకూడదు.

"నేను సన్నగానే ఉన్నాను కదా!"

ఈ ధైర్యం కూడా సరికాదు. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ ఫోటోలతోనే ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. ఎత్తుకు తగ్గ బరువును చూపే బీఎంఐ ఇద్దరికీ 22.3. కానీ యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతమైతే, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం ఉంది. చేతులు కాళ్లు సన్నగా ఉన్నా మన వాళ్లకు కడుపు లోపల కొవ్వు దాగి ఉండవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే మన దేశంలో బీఎంఐ 23 దాటితేనే జాగ్రత్తపడమంటారు.

బీఎంఐ లెక్క రాకపోయినా ఫరవాలేదు. దర్జీ టేపు చాలు. కింది పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యన టేపు చుట్టి, ఊపిరి వదిలాక కొలవండి. పొట్ట లోపలికి లాగకండి! మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ముప్పు మొదలైనట్టే. ఈరోజు కొలత క్యాలెండరు మీద రాసి, నెల తర్వాత మళ్లీ కొలవండి.

చాయ్‌లో చక్కెర లెక్క

రోజుకు నాలుగు చాయ్‌లు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర అనుకుందాం. చెంచాకు 5 గ్రాముల చొప్పున రోజుకు 40 గ్రాములు. నెలకు 1,200 గ్రాములు. ఇవి ఒక్కరి చాయ్‌కే! బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, మిఠాయిలు ఇంకా కలపలేదు. రోజు మొత్తం మీద కలిపిన చక్కెర 25 గ్రాములు, అంటే సుమారు ఐదు చెంచాలు మించకపోతే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ 40 గ్రాములు ఇచ్చే 160 కేలరీలు ఖర్చు కావాలంటే సుమారు 40 నిమిషాలు చురుగ్గా నడవాలి.

ఒక్కసారిగా మానేయమని మేం చెప్పం. కప్పుకు ఒక చెంచా తగ్గించండి. ఏడాదికి 7 కిలోలకు పైగా చక్కెర మీ ఒంట్లోకి రాకుండా ఆగుతుంది. రెండు మూడు వారాల్లో నాలుక అలవాటు పడుతుంది.

"చక్కెర మానేసి బెల్లం వాడుతున్నాం" అంటారు కొందరు. బెల్లమూ చెరకు రసమే. కేలరీలు దాదాపు సమానం, మధుమేహం ఉన్నవారికి చేటూ సమానమే. చెరకు రసం కూడా అంతే. అలాగే మన నిజామాబాద్ పసుపు కూరకు మంచిదే గానీ, బీపీ మాత్రకు, షుగర్ మాత్రకు బదులు కాదు.

కంచం ఎలా ఉండాలి?

కంచాన్ని మనసులో నాలుగు భాగాలు చేయండి. రెండు భాగాలు కూరగాయలు, ఆకుకూరలు. ఒక భాగం పప్పు, గుడ్డు, చేప లేదా చర్మం తీసిన కోడి మాంసం. మిగిలిన ఒక్క భాగమే అన్నం లేదా రొట్టె. మన ఇళ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది. అన్నం కుప్పగా ఉండి, కూర ఓ మూలన ఉంటుంది. రాత్రి అన్నం బదులు రెండు జొన్న రొట్టెలు, ఆకుకూర పప్పు తిని చూడండి.

నూనె మనిషికి నెలకు అర లీటరు దాటకుండా చూసుకోండి. నలుగురున్న ఇంటికి రెండు లీటర్లు. నెల మొదట్లో కొలిచి డబ్బాలో పోసుకుంటే చేయి తనంతట తానే తగ్గుతుంది. మిర్చీలు, పూరీలు వేయించిన నూనెను మళ్లీ మళ్లీ కాచకండి. ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చెంచా. తొక్కు, అప్పడాలు, మిక్చరులోని ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

పండుగకు సకినాలు, అరిసెలు తినవద్దా? తినండి. పండుగ రోజు తినండి, డబ్బా నిండా చేసి నెలంతా తినకండి. దావత్‌లో బగారా అన్నం ఒక్కసారే వడ్డించుకోండి. గల్ఫ్ నుండి సెలవుపై వచ్చిన కొడుకుకు రోజుకో ఇంట్లో విందు పెట్టడం మన ప్రేమ. ఒక పూట విందు, మర్నాడు పొద్దున అతనితో కలిసి నడక. అదీ ప్రేమే.

నడక, పొగాకు, నిద్ర

రోజుకు 30 నిమిషాల చొప్పున వారానికి ఐదు రోజులు చురుగ్గా నడవండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ సరైన వేగం. నిజామాబాద్‌లో తిలక్ గార్డెన్ ఉంది. పల్లెల్లో చెరువు కట్ట, కాలువ గట్టు ఉన్నాయి. లారీలు తిరిగే రోడ్డు మీద మాత్రం చీకట్లో నడవకండి. ఇప్పటికే గుండెజబ్బు ఉన్నవారు, నడిస్తే ఛాతీ పట్టేసేవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

బీడీ చిన్నది కాబట్టి నష్టం చిన్నదనుకోకండి. సిగరెట్టులాగే బీడీ కూడా గుండె నాళాలను దెబ్బతీస్తుంది. "తగ్గించాను" అనడం చాలదు, మానాలి. మద్యం గుండెకు మంచిదనే మాటను నమ్మవద్దు. రాత్రి ఏడు గంటల నిద్ర కూడా గుండెకు మందే.

30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికొకసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. బీపీ 140/90కి చేరినా, పరగడుపున షుగర్ 126కి చేరినా డాక్టరును కలవాలి. "బాగానే ఉన్నాను కదా" అని మాత్రలు ఆపకండి. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే బాగున్నారు.

"గ్యాస్ పట్టింది బిడ్డా, ఏం కాదు"

ఈ మాట వల్ల ఎన్నో ప్రాణాలు పోతున్నాయి. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, బిగించినట్టు నొప్పి. ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకడం. చల్లని చెమట, ఆయాసం, వాంతి వచ్చినట్టుండడం – ఇవి గుండెపోటు లక్షణాలు. ఆడవారిలో, మధుమేహం ఉన్నవారిలో నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, నీరసమే ఉండవచ్చు.

సోడా తాగి తెల్లవారేదాకా చూద్దామనుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. రోగిని నడిపించకండి, తనంతట తాను బండి నడుపుకుంటూ రానివ్వకండి. సొంతంగా మందులు మింగించకుండా 108 సిబ్బంది చెప్పినట్టు చేయండి. ఈసీజీ తీసే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గడ్డను కరిగించే మందు గానీ, నాళాన్ని తెరిచే చికిత్స గానీ ఎంత త్వరగా అందితే గుండె కండరం అంత మిగులుతుంది. పరీక్షల్లో గుండెపోటు కాదని డాక్టరు తేలిస్తే నవ్వుకుంటూ ఇంటికి రావచ్చు. గుండెపోటైతే ఆ తొందరే ప్రాణం నిలుపుతుంది.

ఈ వారమే మొదలుపెట్టండి

1. ఇంట్లో అందరి నడుము కొలిచి రాయండి.
2. చాయ్‌లో ఒక చెంచా చక్కెర తగ్గించండి.
3. రాత్రి భోజనం త్వరగా ముగించి, కాసేపు కలిసి నడవండి.
4. బీపీ, షుగర్ చూపించుకోని పెద్దవారిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకురండి.

తాతలాగా ఎనభై ఏళ్లు బతకాలని మీకుంటే ఆయన కంచాన్నే కాదు, ఆయన నడకను కూడా గుర్తు చేసుకోండి. మీ గుండె మీకోసం మాత్రమే కొట్టుకోవడం లేదు. మీ ఇంట్లో మీమీద ఆధారపడిన వారందరి కోసం కొట్టుకుంటోంది. దాన్ని భద్రంగా చూసుకోండి.