జ్వరం జాడ పట్టే ట్రాన్సిస్టరు



మేము ఈ హాస్టల్లో ఉన్న రోజుల్లో, సీతంపేట కొండల నుంచి వచ్చిన మా మిత్రునికి చలిజ్వరం వచ్చింది. రక్తం తీసి పంపారు. మలేరియా అని కాగితం వచ్చేసరికి నాలుగు రోజులు గడిచాయి. ప్రాణం దక్కింది గాని, పబ్లిక్ పరీక్ష పోయింది. అందుకే ఈ వ్యాసం.

రోగక్రిమిలో మన శరీరం గుర్తుపట్టే పదార్థం యాంటిజెన్. దాన్ని పట్టుకోవడానికి శరీరం తయారుచేసే ప్రోటీను యాంటీబాడీ. ఈ రెండూ తాళం, తాళంచెవి వంటివి.

గొట్టా బ్యారేజీ దగ్గర కాలువ గేటు ఎత్తితే కాలువలో నీరు పెరుగుతుంది, దించితే తగ్గుతుంది. ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టరులో గేటుపై ఉన్న విద్యుదావేశాన్ని బట్టి కరెంటు అలాగే మారుతుంది. 1970లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త పీట్ బెర్గ్‌వెల్డ్ లోహపు గేటు తీసేసి, ఆ చోట ద్రావణం తగిలేలా చేశారు. అక్కడ యాంటీబాడీలను అతికిస్తే అదే బయోసెన్సర్. యాంటిజెన్ వచ్చి అతుక్కోగానే దాని ఆవేశానికి కరెంటు మారుతుంది. యాంటిజెన్‌ను అతికిస్తే రక్తంలోని యాంటీబాడీ దొరుకుతుంది. 2020లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు గ్రాఫీన్ ట్రాన్సిస్టరుతో కరోనా వైరస్‌ను ఇలాగే గుర్తించారు.

చిక్కు ఒకటుంది. రక్తంలోని ఉప్పు అయాన్లు ఆవేశాన్ని కప్పేస్తాయి. సుమారు ఒక నానోమీటరు దాటితే గేటుకు తెలియదు. యాంటీబాడీ పొడవేమో పది నానోమీటర్లు! అందుకే నమూనాను పలుచన చేస్తారు, లేదా యాంటీబాడీ ముక్కలను వాడతారు.

ఇప్పుడున్న మలేరియా కార్డు పరీక్ష కూడా యాంటిజెన్‌నే పడుతుంది. కానీ గీత చూపుతుందే తప్ప ఎంత ఉందో అంకెల్లో చెప్పదు. ట్రాన్సిస్టరు చెప్పగలదు.

1897లో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాదులోనే. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివినవాళ్ళం మేమే మొదలు. ఆ ఉప్పు చిక్కు విప్పేవారు మీలో ఒకరు కావాలని మా కోరిక.