సూదివైద్యము – దీర్ఘకాలపు నొప్పులు

ఓర్పు స్త్రీకి భూషణమని పెద్దలు చెప్పుచుందురు. ఆ మాటను మేమును కాదనము. కాని యోర్చుట వేఱు, దాచుట వేఱు. ప్రొద్దున లేచి నడుము పట్టుకొని గోడ నానుకొని నిలుచుట, నీళ్లబిందె నెత్తునపుడు పండ్లు బిగించుట, మోకాలు వంగక పీటపై కూర్చుండుట మానివేయుట – ఇవి మన యిండ్లలో నెందఱు తల్లుల కెన్ని యేండ్లుగా నలవాటైనవో లెక్కింప నలవికాదు. ఎవరైన నడిగినచో “ఏమున్నదమ్మా, వయసు నొప్పులు” అని నవ్వి యూరకుందురు. మూడు నెలలకు మించి నిలిచిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలపు నొప్పి యందురు. అది మొదటి గాయము మానిన పిదపను వదలక నిలిచి, నిద్రను, ఓపికను, తుదకు మాటలోని మెత్తదనమును గూడ హరించును.

వావిలాకు కాపడము, ఉప్పుమూట, నువ్వులనూనె మర్దనము మనకు తల్లులనుండి వచ్చినవి. తరువాత మాత్రలు వచ్చినవి. వానిని దినదినమును మ్రింగుచున్నచో కడుపునకును మూత్రపిండములకును హాని కలుగవచ్చునని వైద్యులే చెప్పుచున్నారు. అందుచేత “సూదులు వేయించుకొనరాదా” యని యొకరికొకరు చెప్పుకొనుట యిపుడు వినవచ్చుచున్నది. ఆక్యుపంక్చరను నీ సూదివైద్యము ఎక్కడిది, దానివలన నెంత మేలు కలుగును, దానిని కోరువారు తెలిసికొనవలసిన దేమి యను సంగతులను సోదరీమణులకు నివేదింప నెంచితిమి.

ఇది చీనాదేశపు విద్య. పసుపు చక్రవర్తి పేర వెలసిన ‘హువాంగ్‌ది నెయిజింగ్’ అను వైద్యగ్రంథము సుమారు రెండువేల యేండ్ల నాటిది. అందు దీని వివరణము కలదు. దేహమున ‘ఛీ’ యను ప్రాణశక్తి పండ్రెండు ముఖ్యమార్గములందు ప్రవహించుననియు, ప్రవాహ మడ్డగింపబడిన చోట నొప్పి పుట్టుననియు, ఆ మార్గములపైనున్న స్థానములందు సన్నని సూదులు గ్రుచ్చి దానిని సరిచేయవలయుననియు వారి మతము. ఆ స్థానములు 361 అని నేటి లెక్క. విల్లెం టెన్ రైన్ అను డచ్చి వైద్యుడు జపానులో నీ చికిత్సను చూచి, 1683లో లండనున దీనిని గూర్చి లాటినుభాషలో గ్రంథము నచ్చువేయించెను. ఆక్యుపంక్చరను పేరు ఆ భాషలోనిదే; ‘ఆకుస్’ అనగా సూది, ‘పుంక్తూర’ యనగా గ్రుచ్చుట. పుట్టినింట దీనికి సదా గౌరవము దక్కలేదు. 1822లో దావోగ్వాంగ్ చక్రవర్తి రాజవైద్యశాలనుండి దీనిని తొలగించెను. 1950 తరువాత నక్కడి ప్రభుత్వము మరల చేరదీసెను.

మన దేశమునకు ఇది వచ్చిన త్రోవ మనము మఱువదగినది కాదు. జపాను దాడిచే పీడితమైన చీనాకు 1938లో మన కాంగ్రెసు అయిదుగురు వైద్యులను పంపెను. వారిలో డాక్టరు కోట్నీసు 1942లో నచ్చటనే ప్రాణములు విడిచెను. ఆయన సహచరుడైన డాక్టరు బిజయ్ కుమార్ బసు స్వదేశము చేరి, 1950ల చివర మరల చీనాకు పోయి యీ విద్య నభ్యసించి, తిరిగివచ్చి కలకత్తాలో నాటెను. సేవకై పోయినవాడు విద్యను గొనివచ్చెనన్నమాట.

ఇది మన సుశ్రుతుని విద్యయే యనియు, మర్మస్థానములే యీ స్థానములనియు చెప్పువారు కలరు. సుశ్రుతుడు 107 మర్మములను చెప్పినది శస్త్రము తగులకుండ కాపాడుటకై. అచ్చట గాయమైనచో ప్రాణహాని, అంగవైకల్యము కలుగునని యాయన హెచ్చరిక. గ్రుచ్చదగిన స్థానములుగా నాయన వానిని చెప్పియుండలేదు. పొరుగువారి విద్య మంచిదైనచో మంచిదని గ్రహింపవచ్చును. గ్రహించుటకు అది మనదే కావలెనను నియమము లేదు.

ఇక మా యనుభవము. నాలుగేండ్ల నడుమునొప్పికై మేము వారమునకు రెండుసారులు చొప్పున పదిమారు లీ చికిత్స పొందితిమి. అంతకుముందే వైద్యునిచే పరీక్ష చేయించుకొని, ఎముకయందు గాని నరమునందు గాని ప్రమాదమేమియు లేదని తెలిసికొంటిమి. సూది మనము బట్టలు కుట్టు సూదికంటె మిక్కిలి సన్నము. తలవెండ్రుకకు అన్నవలె నుండును. గ్రుచ్చునపుడు చీమ కుట్టినట్లుండి, పిమ్మట నాచోట బరువో తిమ్మిరియో తోచును. నడుముపైనను, మోకాటివెనుకను, చీలమండకడను సూదులుంచి అరగంట కదలక పండుకొమ్మందురు. మొదటి మూడుసారులు భేదమేమియు కానరాలేదు. నొప్పిని పదికి ఇంత యని పుస్తకమున వ్రాసికొనుచుండెడివారము. మొదట నేడుగా నుండినది పదవసారి ముగియునప్పటికి నాలుగైనది. నొప్పి పోలేదు. కాని వంట ముగించి కూర్చుండి లేచునపు డెవరి చేయియు పట్టుకొన నక్కఱ లేకపోయెను.

ఈ మేలు సూదివలననే కలిగినదా? ఒక్కరి యనుభవము దీనికి బదులు చెప్పజాలదు. వేలమందిపై జరిగిన పరీక్షలు కొంత చెప్పగలవు. జర్మనీలో 1,162 మంది నడుమునొప్పి రోగులను మూడు జట్లుగ విభజించి చేసిన పరీక్ష 2007లో ప్రకటింపబడెను. ఒక జట్టువారికి శాస్త్రోక్తస్థానములందు సూదులు వేసిరి. రెండవ జట్టువారికి స్థానములు కాని చోట్ల పైపైన వేసిరి. మూడవ జట్టువారికి మందులు, వ్యాయామము మొదలగు వాడుక చికిత్సలు చేసిరి. ఆఱునెలల పిదప మేలు పొందినవారు మొదటి జట్టులో నూటికి 47.6, రెండవదానిలో 44.2, మూడవదానిలో 27.4. దీనివలన రెండు సంగతులు తేటపడుచున్నవి: సూదులు వేయించుకొన్నవారికి వాడుక చికిత్సకంటె నెక్కువ మేలు కలిగినది, ఏ చోట వేసితిమను దానివలన కలిగిన భేదము మాత్రము స్వల్పము. 39 పరీక్షలను, 20,827 మంది రోగులను కలిపి 2018లో చేసిన పరిశీలనలో నడుము, మెడ, మోకాలు, తలనొప్పుల విషయమున గూడ నిట్టి ఫలమే కానవచ్చినది. నిజమైన సూదులకు ఉత్తుత్తి సూదులకంటె కొద్దిపాటి యాధిక్యము మాత్రమే కలదు.

సూది గ్రుచ్చినపుడు నొప్పి నణచు ద్రవ్యములు దేహముననే పుట్టునని 1970లలో జరిగిన పరిశోధనలు సూచించినవి. అదియు కొంత కారణము కావచ్చును. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యసలహా సంస్థ 2016లో నడుమునొప్పికి దీనిని వలదని, 2021లో కారణము తెలియని దీర్ఘకాలపు నొప్పికి వాడవచ్చునని చెప్పెను. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ భీమా 2020 నుండి దీర్ఘకాలపు నడుమునొప్పికి మొదట 12 మారులు అనుమతించి, గుణము కనబడినచోనే మఱి 8 మారు లిచ్చును. ఈ తుదినియమము మనకును అనుసరింపదగినది.

ఉత్తుత్తి సూదులకును అంత ఫలము కలుగుటనుగూర్చి మేము చాల దినము లాలోచించితిమి. ఆ గదిలో నొకరు మన నొప్పి యెక్కడ, ఎప్పటినుండి, ఏ పని చేయునపు డెక్కువ యని యోపికతో నడుగుదురు. అరగంటసేపు మన నెవరును పిలువరు. పొయ్యిమీద పాలు పొంగవు. గృహిణి కీ రెండును ఇంటిలో దొరకుట యెంత యరుదో మనమే యెఱుగుదుము. మేలులో నింత భాగము దీనిదని తూచి చెప్పజాలము గాని, కొంత భాగము దీనిదే యని మా నమ్మకము. దీనికి సూది యక్కఱలేదు.

ఈ చికిత్సను కోరువారు కొన్ని సంగతులు మనసున నుంచుకొనవలయును. ముందుగా వైద్యునిచే నొప్పికి కారణము తెలిసికొనవలయును. జ్వరము, కారణములేక చిక్కిపోవుట, కాలు చచ్చుబడుట, మలమూత్రములు స్వాధీనము తప్పుట వీనిలో నేదియున్నను సూదులకై పోక వెంటనే ఆసుపత్రికి పోవలయును. సూదులు క్రొత్తవై, మన యెదుటనే కట్టు విప్పబడి, ఒక్కసారి వాడి పాఱవేయబడవలయును. రక్తము పలుచనగుటకు మందులు వాడువారును, గర్భిణులును ఆ సంగతి ముందే చెప్పవలయును. హృదయమున యంత్ర మమర్చబడినవారు విద్యుత్తు కలిపిన సూదులు మానవలయును. ఱొమ్ముపై లోతుగా గ్రుచ్చుటవలన నూపిరితిత్తికి గాయమగుట యరుదుగ నైనను జరిగియున్నది. కావున శిక్షణ పొందినవారినే యాశ్రయింపవలయును. మధుమేహమునకో రక్తపుపోటునకో వాడు మందులను ఎవరు మానుమన్నను మానరాదు. ఆఱు మొదలు పదిమారులలోపల గుణము కానరానిచో విరమించుట మేలు. గుణము కనబడినను నడక, వ్యాయామము విడువరాదు.

సోదరీమణులారా! ఈ వైద్యమున మహిమ లేదు. కొందఱికి కొంత యూఱట కలదు. ఆ కొంతయు నేండ్లుగ బాధపడువారికి చిన్నది కాదు. కాని చికిత్స యేదైనను, నాకు నొప్పిగా నున్నదని నోరు విప్పి చెప్పిన పిదపనే మొదలగును. మన యత్తగారి మోకాలు, మన తల్లి నడుము, మన కోడలి తలనొప్పి – వీనిని గూర్చి నేడే యొకమా రడిగి, వారు చెప్పునంతవఱకు కూర్చుండి వినుడు.