గాలిలోంచి ఆక్సిజన్: నిమిషానికి 1,000 లీటర్ల లెక్క

2021 మే నెలాఖరులో, కరోనా రెండో వేవ్ సమయంలో, జూబ్లీహిల్స్‌లో 1998 నుంచి బ్లడ్ బ్యాంక్ నడుపుతున్న చిరంజీవి చారిటబుల్ ట్రస్ట్ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆక్సిజన్ బ్యాంకులు తెరిచింది. జిల్లాలకు సిలిండర్లు, కాన్సన్‌ట్రేటర్లు పంపింది. అదే నెల 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్ ఆలస్యమై ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 11 మంది చనిపోయారు.

పెద్ద సిలిండర్‌లో పట్టేది సుమారు 7,000 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు కావాల్సిన రోగికి అది 12 గంటలు కూడా రాదు. కాన్సన్‌ట్రేటర్‌కైనా, ఆసుపత్రి ఆవరణలోని పీఎస్ఏ (ప్రెషర్ స్వింగ్ అడ్సార్ప్షన్) ప్లాంటుకైనా ఈ గడువు లేదు. కరెంటు ఉంటే చాలు, ముడిసరుకు చుట్టూ ఉన్న గాలే.

ఆ గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్, దాదాపు 0.93 శాతం ఆర్గాన్. యంత్రం పట్టుకునేది ఆక్సిజన్‌ను కాదు, నైట్రోజన్‌ను. కంప్రెసర్ గాలిని నొక్కి, తేమ తీసేసి, జియోలైట్ అనే సూక్ష్మ రంధ్రాల పదార్థపు గుళికలు నింపిన ట్యాంకులోకి పంపుతుంది. జియోలైట్ రంధ్రాల్లో రెండు వాయువులూ దూరగలవు, కాబట్టి ఇది జల్లెడ పట్టడం లాంటిది కాదు. అందులోని సోడియం, లిథియం అయాన్లు నైట్రోజన్‌ను ఎక్కువ బలంగా లాగుతాయి. ఆక్సిజన్ ముందుకు సాగిపోతుంది. గుళికలు నిండాక ప్రెషర్ తగ్గిస్తే నైట్రోజన్ వదిలిపోతుంది. ఆలోగా రెండో ట్యాంకు పని అందుకుంటుంది. కొన్ని సెకన్లకోసారి ఇదే మార్పిడి.

ఆర్గాన్ మాత్రం ఆక్సిజన్‌తోనే వచ్చేస్తుంది. అందుకే ఎంత మంచి ప్లాంటైనా 95.7 శాతం దగ్గర ఆగాల్సిందే. వైద్యానికి 90 నుంచి 96 శాతం సరిపోతుంది.

తేజస్ యుద్ధవిమానంలో పైలట్ కోసం ఇదే పద్ధతిలో రూపొందించిన సాంకేతికతను డీఆర్‌డీఓ 2021లో ఆసుపత్రులకు మళ్లించింది. అలా తయారైన ప్లాంటు సామర్థ్యం నిమిషానికి 1,000 లీటర్లు. ఆ సంస్థ లెక్క ప్రకారం ఒక్కొక్కరికి 5 లీటర్ల చొప్పున 190 మందికి అందుతుంది. అంత ఆక్సిజన్‌కు కనీసం 4,400 లీటర్ల గాలి కావాలి. ఆచరణలో అందుకు రెండింతలు పైనే లాగుతుంది, కరెంటు బిల్లంతా అక్కడే.

వాడకుండా వదిలేసినప్పుడు తేమ చేరితే జియోలైట్ పట్టు పోతుంది. యంత్రం చప్పుడు చేస్తూనే ఉంటుంది, ఆక్సిజన్ శాతం మాత్రం దిగిపోతుంది. అత్యవసరం రాలేదని ప్లాంటును మూలన పడేయడం నా దృష్టిలో క్షమించరాని నిర్లక్ష్యం. ఆసుపత్రి నిర్వాహకులారా, మీ ప్లాంటును క్రమం తప్పకుండా నడపండి, ప్యూరిటీ మీటర్‌లోని అంకెను రాసిపెట్టండి, కరెంటు పోయినప్పటి కోసం నిండు సిలిండర్లు పక్కనే ఉంచండి.